ముళ్లతోక బల్లి: అభిరుచి – బాధ్యత

తెలుగులో ‘ఉడుము పట్టు’ అనే జాతీయం ఉంది. పట్టిన పట్టు విడువని వానిని గురించి ఈ మాట వాడుతారు. ఉడుము కన్నంలో దూరి, గోళ్లతో నేలను పట్టి, శరీరాన్ని గాలితో ఉబ్బించి బిగుసుకొంటే దానిని పైకి లాగడం బలవంతులకు కూడా కష్టమే. ఈ గుణాన్ని గమనించిన మన పూర్వులు దానిని భాషలో నిలిపారు. బల్లి పాటు, తొండ పరుగు, ఊసరవెల్లి రంగులు కూడా ఇలాగే మన సామెతలలోనూ నమ్మకాలలోనూ చోటు సంపాదించుకొన్నాయి. గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన విద్యార్థికి వరిచేల గట్ల మీద ఉడుమూ, కొబ్బరితోటలో తొండా, ఎండుటాకుల చాటున నలికండ్లపామూ కొత్తవి కావు. అయితే ఈ ప్రాణులను చూడటం వేరు, తెచ్చి పెంచుకోవాలని కోరుకోవడం వేరు. ఆ కోరిక ఎక్కడివరకు అభిరుచి, ఎక్కడి నుంచి అపకారం అనే విషయాన్ని తెలుసుకోవడానికి ఉడుముకు దూరపు బంధువైన ఒక ఎడారి ప్రాణి చరిత్ర చక్కగా ఉపకరిస్తుంది. దాని పేరు ముళ్లతోక బల్లి.

ఉత్తర భారతంలో దీనిని ‘సాండా’ అని పిలుస్తారు. రాజస్థాన్‌లోని థార్ ఎడారి, గుజరాత్‌లోని కచ్ ప్రాంతం దీనికి ప్రధానమైన నివాసాలు. పాకిస్తాన్‌లోనూ, అఫ్గానిస్తాన్ తూర్పు భాగంలోనూ ఇది కనిపిస్తుంది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారిగా పనిచేస్తూ భారతదేశపు జంతువుల చిత్రాలను సేకరించిన థామస్ హార్డ్‌విక్ పేరు మీదుగా 1827లో జాన్ ఎడ్వర్డ్ గ్రే దీనికి శాస్త్రీయనామం పెట్టాడు. ప్రస్తుతం దీనిని ‘సారా హార్డ్‌వికీ’ అని వ్యవహరిస్తున్నారు. దీని దగ్గరి బంధువులు ‘యూరోమాస్టిక్స్’ అనే ప్రజాతికి చెందినవి. అవి ఉత్తర ఆఫ్రికా నుంచి అరేబియా వరకు వ్యాపించి ఉన్నాయి. బతుకుతెరువు కోసం గోదావరి జిల్లాల నుంచి కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు వెళ్లిన వారు ఎందరో ఉన్నారు. అక్కడి ఎడారిలో అరబ్బులు ‘ధబ్’ అని పిలిచే పెద్దబల్లి కూడా ఈ కుటుంబానిదే.

ముళ్లతోక బల్లి చూపులకు భయంకరంగా ఉన్నా స్వభావం చేత సాధువు. బాగా పెరిగిన మగబల్లి 40 సెంటీమీటర్లకు పైగా పొడవుంటుంది. ఆడది కొంచెం చిన్నది. తల గుండ్రంగా, శరీరం బల్లపరుపుగా, తోక లావుగా ఉంటుంది. తోక చుట్టూ వలయాలుగా పేర్చినట్లు ముళ్ల వంటి పొలుసులుంటాయి. శత్రువు వెంటబడినపుడు ఇది బొరియలోకి దూరి, ముళ్లతోకను ద్వారానికి అడ్డంగా పెడుతుంది. అవసరమైతే ఆ తోకతో కొరడావలె కొడుతుంది. కరవు రోజులలో వాడుకోవడానికి కొవ్వును నిలవచేసుకొనే గాదె కూడా ఆ తోకే.

మన దేశపు బల్లులలో ఇది ప్రధానంగా శాకాహారి కావడం విశేషం. ఆకులు, పువ్వులు, గింజలు దీని ఆహారం. పిల్లలు మాత్రం పురుగులను కూడా తింటాయి. నీటికి ప్రత్యేకంగా వెతుక్కోవలసిన పని లేకుండా తినే ఆకులలోని తడితోనే ఇది చాలావరకు సరిపెట్టుకొంటుంది. ఎడారి మొక్కలలో లవణాలు ఎక్కువ. వాటిని మూత్రం ద్వారా విసర్జించాలంటే ఎంతో నీరు ఖర్చవుతుంది. అందుచేత ప్రకృతి దీని ముక్కులో లవణగ్రంథులను అమర్చింది. అధికమైన ఉప్పు చిక్కని ద్రవంగా ముక్కుపుటాల నుంచి వెలువడి తెల్లని పొరగా ఎండిపోతుంది. కాకినాడ తీరాన హోప్ ఐలాండ్ ఇసుకలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు కంట నీరు కార్చడానికి కారణం కూడా ఇటువంటిదే. తాబేలుకు లవణగ్రంథులు కళ్ల వద్ద ఉంటాయి. ఒకటి నీరు లేని చోట, మరొకటి ఉప్పునీటి నడుమ జీవిస్తున్నా, రెండింటికీ ఎదురైన సమస్య ఒక్కటే. ప్రకృతి చూపిన ఉపాయమూ ఒక్కటే.

ఈ బల్లులు గుంపులుగా ఒకే మైదానంలో నివసిస్తాయి. అయినా దేని బొరియ దానిదే. వంపులు తిరుగుతూ లోతుకు పోయే బొరియ 2 మీటర్లకు మించి కూడా ఉంటుంది. సాయంకాలం లోపలికి వెళ్లి, ద్వారాన్ని మట్టితో మూసుకొంటుంది. చలికాలమంతా బయటికి రాకుండా నిద్రావస్థలో గడుపుతుంది. వసంతంలో ఎండలు ముదరగానే మేలుకొని జత కడుతుంది. ఏడాదికి ఒక్కసారే గుడ్లు పెడుతుంది. గద్దలు, డేగలు, నక్కలు దీనిని తిని బతుకుతాయి. కనుక ఎడారి జీవజాలంలో ఇది ఒక ముఖ్యమైన మెట్టు. ఈ మెట్టు కూలితే దాని మీద నిలిచిన ప్రాణులన్నీ కూలిపోక తప్పదు.

ఇటువంటి ప్రాణిని ఇంట పెంచడం పాశ్చాత్య దేశాలలో చాలాకాలంగా ఒక అభిరుచిగా ఉంది. మొదట్లో ఉత్తర ఆఫ్రికా ఎడారులలో పట్టిన బల్లులను ఓడలకూ విమానాలకూ ఎక్కించి అంగళ్లకు చేర్చేవారు. పట్టినవాటిలో ఎన్నో దారిలోనే చనిపోయేవి. చేరినవి కూడా బెదురుతో ఆహారం ముట్టక, కడుపులోని పరాన్నజీవులు విజృంభించి నశించేవి. ఒక బల్లి గాజుపెట్టెలోకి చేరడానికి వెనుక ఎన్ని బల్లులు రాలిపోయాయో కొన్నవారికి తెలిసేది కాదు. దీనికి విరుగుడుగా వచ్చిన ఆలోచనే పెంపకంలో పుట్టిన పిల్లలను మాత్రమే కొనాలనే నియమం.

అయితే పెంపకంలో సంతానాన్ని పొందడం అనుకొన్నంత తేలిక కాదు. ఈ బల్లులకు ఎండ కాచుకొనే చోట నేల వేడి 45 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ వరకు ఉండాలి. అదే పెట్టెలో మరొక మూల 30 డిగ్రీలకు లోపు చల్లదనం ఉండాలి. బల్లి శరీరం తనంతట తాను వేడిని పుట్టించుకోలేదు. కనుక అది ఎండకూ నీడకూ మధ్య తిరుగుతూ తన ఉష్ణోగ్రతను సరిచేసుకొంటుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు సోకితేనే చర్మంలో డి విటమిన్ తయారై, ఆహారంలోని కాల్షియం ఎముకలకు పడుతుంది. గదిలో పెంచేవారు ఆ కిరణాలనిచ్చే ప్రత్యేక దీపాలను వాడతారు. ఆ దీపం వెలుగు తగ్గకపోయినా కొన్ని నెలలకు దాని కిరణాల శక్తి తగ్గుతుంది. ఈ సంగతి తెలియని వారి వద్ద బల్లులు ఎముకలు మెత్తబడి వంకరలు పోతాయి. ఆహారంలోనూ జాగ్రత్త అవసరం. పాలకూర వంటి ఆకులలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టివేస్తాయి. కాబట్టి అవే రోజూ పెట్టడం మంచిది కాదు.

అన్నింటికన్న ముఖ్యమైనది పొడి వాతావరణం. రాజమహేంద్రవరంలో వేసవి ఎండ 45 డిగ్రీలను దాటిన రోజులున్నాయి. ఆ ఎండను చూసి ఎడారి బల్లికి ఈ నేల సరిపోతుందని ఎవరైనా భావించవచ్చు. కాని డెల్టాలో వేడితోపాటు ఉక్క కూడా ఉంటుంది. కాలువలు, వరిచేలు, చేపల చెరువులు, సముద్రపు గాలి కలిసి గాలిని తడిగా ఉంచుతాయి. పొడిగాలికి అలవడిన ఊపిరితిత్తులకు ఈ తేమ పడదు. శ్వాసకోశ వ్యాధులు, చర్మవ్యాధులు పట్టుకొంటాయి. ఉష్ణోగ్రత ఒక్కటే వాతావరణం కాదనే భూగోళశాస్త్ర పాఠాన్ని ఈ బల్లి తన ప్రాణంతో నిరూపిస్తుంది.

సంతానోత్పత్తికి చలికాలపు నిద్ర అవసరం. పెంపకందారులు రెండు మూడు నెలలపాటు క్రమంగా వెలుగునూ వేడినీ తగ్గించి, ఆహారం మాని, బల్లులను విశ్రాంతిలో ఉంచుతారు. మళ్లీ వేడి పెంచినపుడు వాటి శరీరం వసంతం వచ్చిందని గ్రహిస్తుంది. ఈ నిద్ర లేకపోతే చాలా జంటలు జతకట్టవు. పిల్లగా తెచ్చిన బల్లి గుడ్లు పెట్టే వయసుకు రావడానికి మూడు నుంచి అయిదేళ్లు పడుతుంది. చూడి బల్లికి లోతైన తడి ఇసుక సమకూర్చాలి. అటువంటి చోటు దొరకకపోతే గుడ్లు కడుపులోనే నిలిచిపోయి తల్లి మరణించే ప్రమాదముంది.

పెట్టిన గుడ్లను తీసి పొదుగుపెట్టెలో ఉంచేటప్పుడు పైభాగం కిందికి తిరగకుండా జాగ్రత్తపడాలి. కోడిగుడ్డును తల్లికోడి రోజూ దొర్లిస్తుంది. బల్లిగుడ్డు సంగతి వేరు. దానిలోని పిండం తొందరలోనే పైపెంకు లోపలివైపు అంటుకొంటుంది. తరువాత గుడ్డును తిరగవేస్తే పిండం నశిస్తుంది. సముద్రపు తాబేళ్ల గుడ్లకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. అందుకే తీరంలో తాబేళ్ల గుడ్లను సేకరించేవారు వాటిని పెట్టిన కొద్ది గంటలలోనే, దొర్లించకుండా, సంరక్షణ కేంద్రానికి చేరుస్తారు. ముళ్లతోక బల్లుల గుడ్లు 30 నుంచి 34 డిగ్రీల వేడిలో, జాతిని బట్టి సుమారు రెండు నుంచి మూడు నెలలకు పొదుగుతాయి. ఇంత శ్రమ పడినా కొన్ని గుడ్లు బూజుపట్టి పోతాయి. పుట్టిన పిల్ల బాగా సాగితే పదిహేను ఇరవై ఏళ్లు జీవిస్తుంది. అంటే ఇంటర్మీడియట్ విద్యార్థి సరదాగా తెచ్చుకొన్న బల్లి అతని చదువు, ఉద్యోగం, వివాహం అన్నీ చూస్తుంది. అంతకాలం దాని బాధ్యత వహించగలిగినవారే పెంపకానికి అర్హులు.

ఇక పెంపకంలో పుట్టినది అంటే ఏది? ఈ ప్రశ్నకు అంతర్జాతీయంగా స్పష్టమైన సమాధానముంది. అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే ఒడంబడికను ‘సైటిస్’ అంటారు. ఇది 1973లో వాషింగ్టన్‌లో కుదిరి, 1975లో అమలులోకి వచ్చింది. భారతదేశం 1976లో దీనిలో చేరింది. ముళ్లతోక బల్లులన్నీ దీని రెండవ అనుబంధంలో ఉన్నాయి. కనుక అనుమతిపత్రం లేనిదే వీటిని దేశం దాటించరాదు. ఆ పత్రంలో ప్రాణి ఎక్కడిదో తెలిపే సంకేతాక్షరం ఉంటుంది. అడవిలో పట్టినదానికి ‘డబ్ల్యు’, పెంపకంలో పుట్టినదానికి ‘సి’, పెంపకంలో కన్ను తెరిచినా పూర్తి నియమాలకు సరిపోని దానికి ‘ఎఫ్’, అడవి నుంచి గుడ్లనో పిల్లలనో తెచ్చి పెంచినదానికి ‘ఆర్’ అని రాస్తారు.

‘సి’ అనే అక్షరం సులభంగా దక్కదు. తల్లిదండ్రులు పెంపకంలోనే జతకట్టి ఉండాలి. ఆ మూల జంటలను చట్టబద్ధంగా, అడవిలోని సంతతికి హాని కలగకుండా సేకరించి ఉండాలి. మాటిమాటికీ అడవి నుంచి కొత్తవాటిని తెచ్చి కలపకుండా ఆ మంద నిలబడాలి. రెండవ తరం సంతానాన్ని పొంది ఉండాలి, లేదా పొందగల పద్ధతి నిరూపితమై ఉండాలి. అడవిలో పట్టిన చూడి బల్లి పెట్టెలోకి వచ్చి గుడ్లు పెడితే, ఆ పిల్లలు పెట్టెలో పుట్టినవే అయినా ఈ నిర్వచనానికి సరిపోవు. పుట్టిన చోటు ఒక్కటే చాలదు. వంశచరిత్ర కూడా కావాలి. ఈ భేదాన్ని మరుగుపరచి, అడవిలో పట్టిన బల్లులను పెంపకపు బల్లులని చెప్పి అమ్మే మోసాలు వన్యప్రాణి వ్యాపారంలో సాధారణం.

ఆ మోసాన్ని గుర్తించడానికి అనుభవజ్ఞులు కొన్ని లక్షణాలు చూస్తారు. నిజమైన పెంపకందారుని వద్ద తల్లిదండ్రులు కనిపిస్తాయి; గుడ్లు పెట్టిన తేదీ, పిల్లలు వెలువడిన తేదీ, బరువుల పట్టిక ఉంటాయి. అతడు ఏడాదికి ఒక్కసారి, కొద్ది పిల్లలనే అమ్మగలడు. ఏ కాలంలో అడిగినా పెద్దబల్లులను డజన్ల కొద్దీ చూపించేవాని సరుకు ఎడారి నుంచి వచ్చినదేనని ఊహించవచ్చు. పాత గాయాల మచ్చలు, విరిగిన గోళ్లు, మనిషిని చూడగానే గోడకు కొట్టుకొనే బెదురు కూడా సాక్ష్యం చెబుతాయి. వెల తక్కువగా ఉండటం మరొక సాక్ష్యం. అయిదేళ్లు పోషించి గుడ్లు పొదిగించినవాడు, ఒక్కరోజులో బొరియ తవ్వి పట్టుకొచ్చినవాని ధరకు అమ్మలేడు.

భారతదేశంలో ఈ విషయమై చట్టం మరింత కఠినంగా ఉంది. మన దేశపు ముళ్లతోక బల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువు. దానిని పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. పెంపకంలో పుట్టినదని చెప్పినా వ్యక్తులకు మినహాయింపు లేదు. మన గట్ల మీది ఉడుము ఆ చట్టపు మొదటి షెడ్యూలులో, పులితో సమానమైన స్థానంలో ఉంది. దానిని చంపినవారికి మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా పడుతుంది. విదేశీ జాతుల విషయంలో 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దానిని అనుసరించి 2024లో రూపొందిన నియమాల ప్రకారం, సైటిస్ జాబితాలోని విదేశీ ప్రాణులను పెంచేవారు ప్రభుత్వపు ‘పరివేష్’ వేదికలో నమోదు చేయించాలి. వాటి జననాన్నీ, మరణాన్నీ, చేతులు మారడాన్నీ కూడా తెలియపరచాలి. ఈ పత్రాలు చూపని అమ్మకందారుని వద్ద బల్లిని కొన్నవారు తెలిసో తెలియకో నేరంలో భాగస్వాములవుతారు.

చట్టం ఇంత గట్టిగా ఉన్నా ఈ ప్రాణుల కష్టాలు తీరలేదు. సాండా కొవ్వు నుంచి తీసిన నూనె కీళ్లనొప్పులకూ మగతనానికీ మందు అనే నమ్మకంతో దానిని చంపుతున్నారు. పారిపోకుండా ముందుగా వెన్నెముక విరిచి, ప్రాణంతోనే ఉంచి, కొన్నవారి కళ్లముందు కొవ్వు తీసే క్రూరపద్ధతి కూడా ఉంది. ఆ నూనె ఇతర జంతువుల కొవ్వు వంటిదే. దానిలో మహిమ ఏదీ లేదు. ఉడుము పరిస్థితీ అంతే. మాంసం కోసం, రక్తం కోసం దానిని వేటాడేవారున్నారు. ‘హత్తా జోడీ’ అనే పేరుతో అదృష్టం తెచ్చే అరుదైన వేరుగా అమ్ముతున్న వస్తువు, నిజానికి ఎండబెట్టిన మగ ఉడుము జననాంగమని 2017లో బయటపడింది. దానిని పూజాగదిలో పెట్టి ధూపం వేసినవారు తాము దేనికి నమస్కరిస్తున్నారో ఎరుగరు.

పెంపకం వల్ల మేలు జరిగిన సందర్భాలు లేకపోలేదు. మన నదులలో మొసళ్లు అంతరించే దశకు చేరినపుడు, ఐక్యరాజ్యసమితి సంస్థల సహాయంతో 1975లో మొసళ్ల సంరక్షణ పథకం మొదలైంది. ఏటి ఒడ్డున సేకరించిన గుడ్లను పొదిగించి, పిల్లలను పెంచి, తిరిగి నదులలో విడిచిపెట్టారు. ఈ పనిలో శిక్షణనివ్వడానికి హైదరాబాదులో ఒక కేంద్ర సంస్థను నెలకొల్పారు. గోదావరి సముద్రంలో కలిసేచోట 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యం పరిసరాల తీరంలో తాబేళ్ల గుడ్లను కంచెల నడుమ కాపాడి, 45 నుంచి 60 రోజులకు వెలువడిన పిల్లలను కడలికి అప్పగించడం కూడా ఈ కోవలోనిదే. ఒక్కొక్క గూటిలో సుమారు నూరు గుడ్లుంటాయి. ఈ పనులకూ గాజుపెట్టె సరదాకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. అక్కడ పెంపకం చివరి మజిలీ కాదు. మళ్లీ స్వేచ్ఛకు పంపే దారి.

సరీసృపాల పట్ల ఆసక్తి గల విద్యార్థికి చేతిలోకి తీసుకోకుండానే చేయదగిన పని ఎంతో ఉంది. తూర్పు కనుమల రాళ్లలో దాగి, పాపికొండలలోనూ నమోదైన బంగారు బల్లి వంటి అరుదైన జాతి మన ప్రాంతానికి గర్వకారణం. ఇంటి గోడ మీది బల్లి ఏ వేళకు బయటికి వస్తుందో, తొండ గొంతు ఏ నెలలో ఎర్రబడుతుందో, గట్టు మీది ఉడుము ఏ కన్నం వాడుకొంటుందో తేదీలతో రాసుకొంటే అది శాస్త్రీయ పరిశీలనే అవుతుంది. బొరియలున్న గట్టును అనవసరంగా తగులబెట్టకుండా ఆపడం, ఉడుమును పట్టి అమ్మేవాడు కనిపిస్తే అటవీశాఖకు తెలపడం చిన్న పనులుగా కనిపించినా వాటి ఫలితం పెద్దది.

ప్రాణిని ప్రేమించడమంటే దానిని సొంతం చేసుకోవడమే అని భావించిన కాలం గడిచిపోయింది. పెంచదలచినవాడు ముందు ఆ ప్రాణికి కావలసిన నేలను, గాలిని, కాలాన్ని తాను ఇవ్వగలడా అని ప్రశ్నించుకోవాలి. అది ఎక్కడ పుట్టిందో, దాని తల్లిదండ్రులు ఎక్కడివో తెలుసుకోవాలి. సమాధానం దొరకనపుడు వెనుకకు తగ్గడమే వివేకం. ఎడారి బొరియలోని సాండాకైనా, డెల్టా గట్టు మీది ఉడుముకైనా మనిషి చేయగల మొదటి ఉపకారం దాని పట్టును దానికి వదిలివేయడమే.